పూలు రాలిన ఫెలనాప్సిస్: హైదరాబాద్ బాల్కనీలో కొన్నేళ్ళ పెంపకం తర్వాత

నర్సరీలో నిండు పూతతో అమ్మే ఫెలనాప్సిస్ ఆర్కిడ్‌ను రెండు మూడు నెలలు వాడని ఆ పూల కోసమే కొంటాము. చివరి పువ్వు రాలగానే చాలా ఇళ్ళలో దానికి ఆయువు తీరినట్టే లెక్క. తూర్పు ముఖంగా ఉన్న బాల్కనీలో ఈ మొక్కలను కొన్నేళ్ళుగా పెంచుతున్న నేను, అమ్మకానికి వచ్చిన రూపంలో దీనికి సగం మార్కులే వేస్తాను. కుండీ, అందులోని సరుకు మార్చిన తర్వాత మాత్రం, ఇంత తక్కువ చాకిరీకి ఇన్నాళ్ళు పూసే ఇంటి మొక్క నాకు మరొకటి కనబడలేదు.

పూలు రాలాక పూకాడను కోయాలా, ఉంచాలా అన్నది అందరికీ వచ్చే సందేహం. కాడ ఎండి గోధుమరంగుకు తిరిగితే మొదలంటా తీసేయాలి. పచ్చగా ఉన్నప్పుడు కింది నుంచి రెండో కణుపుకో మూడో కణుపుకో కాస్త పైన కోస్తే, అక్కడి నుంచి పక్క కాడ లేచి మళ్ళీ పూసే అవకాశం ఉంది గాని, ఆ పూలు చిన్నవిగా, తక్కువగా ఉంటాయి, మొక్క కూడా నీరసిస్తుంది. నాలుగైదు దళసరి ఆకులున్న మొక్క అయితే తప్ప ఆ ఆశ పెట్టుకోకుండా, కాడను అడుగుకంటా కోసి, బలాన్ని ఆకులకూ వేళ్ళకూ వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. వైరస్ తెగుళ్ళు కత్తెర ద్వారా ఒక మొక్క నుంచి మరొకదానికి పాకుతాయి కాబట్టి, ప్రతి మొక్కకూ ముందు దాన్ని స్పిరిట్‌తో తుడవాలి.

అసలు చిక్కు కంటికి కనబడని చోట ఉంటుంది. కొత్త మొక్కను కుండీలోంచి తీసి చూస్తే, చాలాసార్లు వేళ్ళ నడుమ స్పాగ్నమ్ మాస్ (నీటిని పట్టి ఉంచే ఒక రకం నాచు) ఉండ బిగించి కట్టినట్టుగా ఉంటుంది. పైభాగం ఎండినట్టు కనిపించినా లోపల ఆ ఉండ రోజుల తరబడి తడిగానే ఉండి, చెట్ల బెరడును అంటిపెట్టుకొని గాలిలో బతకడానికి అలవాటుపడిన ఈ వేళ్ళను కుళ్ళబెడుతుంది. దీనికి తోడు అందం కోసం ఇచ్చే అడుగు చిల్లు లేని పింగాణీ కుండీ ఒకటి. దాన్ని పెన్నుల స్టాండుగా వాడుకోవడం ఉత్తమం. పూత అయిపోయిన వెంటనే ఆ మాస్ అంతా తీసి, మెత్తబడిన వేళ్ళను కత్తిరించి, రెండు పాళ్ళు పైన్ బెరడు, ఒక పాలు కట్టెబొగ్గు, గుప్పెడు కొబ్బరి డొక్క ముక్కలు కలిపి నింపితే వేళ్ళకు గాలి ఆడుతుంది. డొక్క ముక్కల్లో ఉప్పు ఉంటుంది గనుక, నీళ్ళు మారుస్తూ బాగా నానబెట్టాకే వాడాలి. ఒట్టి బొగ్గూ పెంకుముక్కలూ వేసి చూశాను. వానాకాలంలో బాగున్నాయి గాని ఏప్రిల్ ఎండలకు పూటలోనే ఆరిపోయాయి. మట్టికుండీ కన్నా పక్కలకు చిల్లులున్న పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ నాకు నచ్చింది, ఎందుకంటే వేళ్ళు మట్టిగోడకు అతుక్కుపోయి మార్చేటప్పుడు తెగుతాయి; పైగా వెండిరంగుకు తిరిగిన వేళ్ళు నీరు అడుగుతున్నాయనీ, పచ్చగా ఉన్నవి ఇంకా ఆగమంటున్నాయనీ బయటి నుంచే తెలుస్తుంది. బెరడు చివికిపోతుంది కాబట్టి రెండేళ్ళకోసారి ఈ పని తప్పదు.

నీటి విషయంలో మన బోర్లు పెద్ద శత్రువులు. బోరు నీళ్ళు పోసినన్నాళ్ళూ బెరడు మీద తెల్లటి పొర పేరుకొని వేళ్ళ కొసలు మాడాయి. నల్లాలో వచ్చే మంజీరా నీళ్ళకూ పట్టి ఉంచిన వాననీళ్ళకూ మారాక కొసలు మళ్ళీ పచ్చబడ్డాయి. ఆర్‌ఓ ఫిల్టర్ బయటికి వదిలే నీళ్ళను మొక్కలకు పోసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది, కాని లవణాలన్నీ అందులోనే చిక్కబడి ఉంటాయి కనుక ఆర్కిడ్‌కు అవి పనికిరావు. నీళ్ళు పొద్దున్నే పోయాలి, ఆకుల నడిమి సుడిలో నిలిచిన చుక్కలను గుడ్డతో అద్దేయాలి. ఎరువుల దుకాణాల్లో దొరికే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే, నీటిలో కరిగే ఎరువు) లీటరుకు అర గ్రాము చొప్పున వారానికోసారి చాలు, మధ్యమధ్య ఉత్త నీటితో కడిగితే ఉప్పు పేరుకోదు. పిండినల్లి మాత్రం ఆకు అడుగున, మొదట్లో దాక్కుంటుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవడం కన్నా మంచి మందు నాకు దొరకలేదు.

మళ్ళీ పూత రావడానికి ఎరువు కన్నా చలి ముఖ్యం. రాత్రి ఉష్ణోగ్రత కొన్ని వారాలపాటు 16–18 డిగ్రీల ప్రాంతంలో ఉంటే కొత్త కాడ పుడుతుంది, హైదరాబాద్‌లో నవంబరు, డిసెంబరు నెలలు ఆ చలిని ఉచితంగానే ఇస్తాయి. ఆ రోజుల్లో మొక్కను ఇంట్లోకి తేకుండా బాల్కనీలోనే ఉంచడం తప్ప నేను ప్రత్యేకంగా చేసేదేమీ లేదు. ఆకులు మరీ ముదురు పచ్చగా ఉంటే వెలుతురు చాలడం లేదని అర్థం, అలాంటి మొక్క చలిలో ఉన్నా కాడ వేయడానికి మొరాయిస్తుంది.

ఈ లెక్కన విజయవాడ, రాజమహేంద్రవరం వంటి చోట్ల ఉన్నవారికి, రాత్రులు అంతగా చల్లబడవు గనుక, నేను ఫెలనాప్సిస్‌ను సిఫారసు చేయను. వేడినీ ఉక్కనూ ఓర్చుకునే డెన్‌డ్రోబియమ్ అనే మరో ఆర్కిడ్ సంకర రకాలు అక్కడ నయం. అయితే వాటి పూలు రాలాక, ఆకులు ఊడి మోడులా నిలబడ్డ పాత కాండాలను ఎండిపోయాయనుకొని కోయకూడదు. అవి ముడతలుపడినా పచ్చగా ఉన్నంతకాలం కొత్త పిలకకు కావలసిన నీరూ ఆహారమూ వాటిలోనే ఉంటాయి, కొన్నిసార్లు ఆ మోడు కొసనే మరోసారి పూలు పూస్తాయి.