ట్రస్సులకు టేకు కోయించుకున్న సామిల్లు: వివరంగా నా అభిప్రాయం

నర్సంపేట వైపు మా పొలంలో కట్టుకున్న చిన్న పెంకుటింటికి కర్ర ట్రస్సులు (పైకప్పును మోసే త్రికోణపు చట్రాలు) మేమే తయారు చేసుకోవాలని నిర్ణయించుకున్నాక, కట్టె ఎక్కడ కొనాలన్న దగ్గరే చాలాకాలం ఆగిపోయాం. దర్వాజలకు, కిటికీలకు టేకు అమ్మే దుకాణాలు వరంగల్, హనుమకొండల్లో కావలసినన్ని ఉన్నాయి. కానీ ట్రస్సులో ఏ ముక్క ఏ పని చేస్తుందో అడిగి తెలుసుకొని, దానికి తగిన దుంగను ఎంచి కోసి ఇచ్చే చోటు దొరకడం కష్టం. వరంగల్ శివారులోని ఈ సామిల్లులో ఆ పని జరిగింది. లోపాలు లేవని కాదు, వాటినీ కింద రాస్తున్నాను. అయినా సొంతంగా ట్రస్సులు చేసుకోదలచిన వారికి ఈ మిల్లును నమ్మకంగా సిఫారసు చేస్తాను.

ముందుగా మా అవసరం ఏమిటో చెప్పాలి. ఇల్లు బయటి గోడ నుంచి బయటి గోడకు 16 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు. రెండు చివరి గోడలను త్రికోణంగా కొప్పు (కప్పు పై అంచు) దాకా లేపి, వాటి మధ్య 8 అడుగుల ఎడంతో రెండు ట్రస్సులు నిలపాలని అనుకున్నాం. వాలు 30 డిగ్రీలు కాబట్టి దూలం మీది నుంచి కొప్పు దాదాపు 4 అడుగుల 7 అంగుళాల ఎత్తున ఉంటుంది. ఒక్కో ఏటవాలు కర్ర చూరు కాక 9 అడుగుల 3 అంగుళాల పొడవు వస్తుంది. మంగళూరు పెంకు, దాన్ని ఆనించే సన్నటి కర్రలైన రీపర్లు కలిసి చదరపు మీటరుకు సుమారు 60 కిలోల బరువు వేస్తాయి కాబట్టి ఒక్కో ట్రస్సు దాదాపు 800 కిలోలను ఎప్పుడూ మోస్తూనే ఉండాలి. పెంకు వాననీరు పీల్చుకుంటే పెరిగే బరువు, పైకెక్కే మనుషుల బరువు, వేసవి గాలిదుమారాల తాకిడి దీనికి అదనం. అందుకే సైజులను అంచనాకు వదలకుండా, కర్ర కట్టడాలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 883 ప్రకారం మాకు తెలిసిన సివిల్ ఇంజనీరు చేత లెక్క కట్టించి, దూలానికీ ఏటవాలు కర్రలకూ 3 అంగుళాల మందం, 5 అంగుళాల లోతు ఖాయం చేసుకొని, ఆ గీతల కాగితంతోనే మిల్లుకు వెళ్లాం.

ఆ కాగితాన్ని వాళ్లు చూసిన తీరే నన్ను మొదట ఆకట్టుకుంది. పాత పెంకుటిళ్లలో కొప్పు కింద నిట్టాడి నేల మీద నిలబడి బరువును నేరుగా భూమికి దింపేది. ట్రస్సులో నడి కంబం చూడడానికి అలాగే కనిపించినా దాని పని పూర్తిగా వేరు: అది కొప్పు నుంచి వేలాడుతూ, అడ్డ దూలం నడుమ కుంగకుండా పైకి పట్టి ఉంచుతుంది. ఏటవాలు కర్రలు రెండూ గోడలను బయటికి నెట్టబోతే, వాటి కాళ్లను ఒకదానితో ఒకటి కట్టి ఆపేది అడ్డ దూలం. కాబట్టి దూలం, నడి కంబం లాగుడు మీద ఉంటాయి. ఏటవాలు కర్రలు, వాటికి కింది నుంచి ఆసరా ఇచ్చే ఊత కర్రలు నొక్కుడు మీద ఉంటాయి. లాగుడు మీద ఉండే కట్టెలో ముడి ఉంటే దాని చుట్టూ పోగు పక్కకు తిరిగి ఉంటుంది కనుక అక్కడే తెగే ప్రమాదం ఎక్కువ. నొక్కుడు మీద ఉండే కట్టెకు చిన్న ముడి అంత హాని చేయదు గానీ, వంకర మాత్రం ఉండకూడదు. వంగిన కర్ర బరువు పడేకొద్దీ మరింత వంగుతుంది.

ఈ సంగతిని మిల్లులో కోత దగ్గర ఉండే పెద్దాయనకు మేం వివరించే అవసరం రాలేదు. దూలానికని నేను వేలు చూపిన దుంగను ఆయన పొర్లించి, బెరడు తీసిన చోట కందిగింజంత నల్లటి మచ్చ మీద బొటనవేలు పెట్టి, "ఇది గుంజుడు మీద ఉండే కట్టె గద సారూ, నడుమల ముడి ఉంటే ఆగది. దీన్ని ఊత కర్రలకు కోసుకుందాం, దూలానికి ఇంకోటి చూపిస్త" అన్నారు. ఆ దుంగను కోసినప్పుడు పైకి గింజంతగా కనిపించిన ముడి లోపల రూపాయి బిళ్లంత ఉంది. దూలానికి ఆయన చూపిన రెండో దుంగ పొడవునా పోగు నిటారుగా సాగింది. కొంచెం సన్నగా ఉండడం వల్ల దూలం పోను మాకు తక్కువ చెక్క మిగిలింది, కోత వృథా పెరిగింది. అయినా ఆ ఖర్చుకు నేను చింతించడం లేదు.

తేమ విషయంలోనూ వాళ్లు దాపరికం లేకుండా ఉన్నారు. పచ్చి కట్టెతో చేసిన ట్రస్సు ఎండేకొద్దీ సన్నబడి, బోల్టులు వదులై, కర్ర మెలి తిరుగుతుంది. రెండు సూదుల తేమ మీటరు మేం వెంట తీసుకువెళ్లాం. దుంగ పైభాగంలో అది చూపే అంకె నమ్మదగినది కాదు, ఎండ తగిలిన పైపొర త్వరగా ఆరిపోతుంది. అప్పుడే కోసిన ముఖం మీద, కొసకు దూరంగా సూదులు గుచ్చి చూస్తేనే లోపలి తేమ తెలుస్తుంది. మిల్లువాళ్లు అభ్యంతరం చెప్పకపోగా, పర్లిన్ల (ట్రస్సుల మీద అడ్డంగా వేసే కర్రల) కోసం తీసిపెట్టిన కట్టెల్లో తేమ ఎక్కువగా చూపిన వాటిని పక్కన పెట్టించి, నీడలో గాలి ఆడేలా మధ్యమధ్య రీపర్లు వేసి పేర్చి ఉంచిన పాత కోతలోంచి మార్చి ఇచ్చారు. వేగిర పడే కొనుగోలుదారులకు కూడా ఇదే ఓపిక చూపిస్తే బాగుంటుంది.

బిల్లు గురించి ఒక మాట. కట్టెను ఘనపుటడుగుల్లో అమ్ముతారు: పొడవును అడుగుల్లో, వెడల్పు, మందాలను అంగుళాల్లో తీసుకొని మూడింటినీ గుణించి 144తో భాగించాలి. 16 అడుగుల పొడవు, 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న దూలం 1.67 ఘనపుటడుగులు అవుతుంది. ఇక్కడ లెక్క కోత సైజు మీద వేస్తారు. చిత్రిక పట్టాక నాలుగు వైపులా కొంత తగ్గుతుంది కాబట్టి, ఇంజనీరు చెప్పిన సైజు చిత్రిక తరువాత మిగలాలంటే కోతలోనే ఆ మేరకు ఎక్కువ వేయించుకోవాలి. మాకు మొదట మొత్తం ఘనపుటడుగులు ఒకే వరుసలో రాసిన బిల్లు ఇచ్చారు. ముక్కల వారీగా కావాలని అడిగితే రాసిచ్చారు, కానీ అడగకముందే ఇవ్వడం పద్ధతి. ధర మేం విచారించిన మిగతా చోట్లకంటే తక్కువేమీ కాదు. టేకును అడవి శాఖ పర్మిట్టు లేకుండా దారిన తీసుకువెళ్లడం నేరం కాబట్టి, కొనేవారు బిల్లుతో పాటు రవాణా పర్మిట్టు తప్పక అడగాలి. ఈ మిల్లులో అది మారుమాట లేకుండా చేతికి వచ్చింది. ములుగు, ఏటూరునాగారం అడవుల టేకు పేరు చెప్పి కాగితాలు లేని కట్టెను చవకగా అమ్మజూపేవారు ఎదురైతే, ఆ చవక వైపు చూడకపోవడం అడవికీ కొనేవారికీ మంచిది.

ఇక లోపాలు. రీపర్ల కట్టల్లో పైన చేవ (దుంగ నడిమి గట్టి చెక్క) ఉన్నవి పేర్చి, లోపల తెల్లచెక్క (బెరడు వైపు లేత చెక్క) ఉన్నవి కలిపి పంపారు. తెల్లచెక్కకు పురుగు, చెదలు త్వరగా పడతాయి. పైకప్పు మీద అది ఒకసారి బిగిశాక మార్చడం పెంకులన్నీ దింపడంతో సమానం. చెప్పగానే మార్చి ఇచ్చారు, అయితే తిరుగు బండి ఖర్చు మా మీదే పడింది. రెండో లోపం, 16 అడుగుల పొడవున్న మంచి దుంగలు వాళ్ల దగ్గర ఎప్పుడూ ఉండవు. దూలాన్ని నడుమ అతికితే లాగుడు మొత్తం ఆ అతుకు మీద పడుతుంది కాబట్టి, ఒకే కర్రగా కావాలంటే ముందుగా చెప్పి పెట్టుకోవాలి. మూడోది, వాళ్లు అడ్డకోత, నిలువుకోత మాత్రమే చేస్తారు; ఏటవాలు కోతలు, గాడులు మన వడ్లాయన చేయాల్సిందే. జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) బోల్టులు, ఇనుప పట్టీలు కూడా బయట కొనుక్కోవాలి.

ఆ గాడుల దగ్గరే ట్రస్సు బలం తేలుతుంది. చదును చేసిన నేల మీద ట్రస్సు బొమ్మను అసలు సైజులో సున్నంతో గీసి, కర్రలను దాని మీద పరిచి గుర్తులు పెట్టించాం. రెండు ట్రస్సులూ ఒకే గీత మీద తయారైతే పర్లిన్లు ఎగుడుదిగుడు కావు. అన్నింటికన్నా జాగ్రత్త కావలసింది ఏటవాలు కర్ర కాలు దూలంలో దిగే చోట. గాడి దాటాక దూలం కొస దగ్గర తగినంత కట్టె మిగలకపోతే, కాలు నెట్టే ఒత్తిడికి ఆ కొస పోగు వెంట చీలి బయటికి జారిపోతుంది. మేకులు కొట్టే చోటల్లా వాటి మందం కన్నా సన్నటి బెజ్జం ముందే వేయించాం, లేకపోతే ఎండిన టేకు నెర్రె విచ్చుతుంది. గోడ మీద దూలం కొసలు సిమెంటులో కూరుకుపోకుండా చుట్టూ గాలి ఆడే సందు వదిలి, కింద కాంక్రీటు దిమ్మెలో పోసిన బోల్టులతో బిగించాం; ఈ ప్రాంతపు ఈదురుగాలి కప్పును కిందికి నొక్కడమే కాదు, పైకి లేపుతుంది కూడా. కోతులు పెంకులు పగలగొడతాయని బంధువులు చేసిన హెచ్చరిక నిజమే. అందుకు కొన్ని పెంకులు అదనంగా కొని పెట్టుకోవడమే ప్రస్తుతానికి మా దగ్గరున్న ఉపాయం.

ఈ మిల్లుకు వెళ్లేవారు ఇంజనీరు లెక్కతో కూడిన కాగితాన్ని, అందులో లాగుడు మీద ఉండే ముక్కలకు వేరుగా గుర్తు పెట్టి తీసుకువెళితే పని సగం సులువవుతుంది. సంక్రాంతి దాటగానే దూలాలకు చెప్పి కోయించుకొని, ఎండ నేరుగా తగలని చోట పేర్చి ఆరనిస్తే, వేసవి ముగిసేలోగా ట్రస్సులు ఎత్తి మృగశిర కార్తె వానలకు ముందే పెంకు వేసుకోవచ్చు. కట్టలు బండి ఎక్కక ముందే విప్పించి రీపర్లను ఒక్కొక్కటిగా చూసుకోండి, వాళ్లు కాదనరు.