ఈఈజీలో స్పైక్ ఎక్కడిది: బైపోలార్ మేలా, రిఫరెన్షియల్ మేలా?

పర్లాకిమిడి నుంచి బస్సులో బరంపురం వచ్చారు నానమ్మా, మనవడూ. పిల్లాడి తలకి ఎలక్ట్రోడ్లు అంటిస్తుంటే ఆవిడ అడిగింది, "కరెంటు పెడతారా బాబూ?" "లేదమ్మా, లోపల ఉన్నదే చూస్తాం" అన్నాను. ఆ చూడటంలోనే ఉంది తంటా అంతా.

ఈఈజీ అంటే మెదడులోని కరెంటుని గీతలుగా చూపే పరీక్ష. అందులో ఏ గీతా ఒక్క ఎలక్ట్రోడుది కాదు. రెండింటి మధ్య తేడా. మొదటిది రెండోదానికంటే నెగెటివ్ అయితే గీత పైకి లేస్తుంది. బళ్లో గీసిన గ్రాఫుకి తలకిందులు, అలవాటు పడాల్సిందే.

బైపోలార్ అంటే పక్కపక్క ఎలక్ట్రోడ్లని ఒకదాంతో ఒకటి పోల్చడం, పిల్లల్ని వీపుకి వీపు ఆనించి ఎత్తు చూసినట్టు. రిఫరెన్షియల్ అంటే అన్నిటినీ ఒకే రిఫరెన్స్‌తో పోల్చడం, అందరినీ ఒకే గుమ్మానికి నిలబెట్టి గీత పెట్టినట్టు.

స్పైక్ అంటే మూర్ఛ ఉన్నవాళ్లలో కనిపించే మొనదేలిన అల. ఆ పిల్లాడి స్పైక్‌నే గుండ్రటి అంకెల్లో చెబుతాను. ఎడమ కణత దగ్గర టీ3లో మైనస్ 100 మైక్రోవోల్టులు, ముందున్న ఎఫ్‌7లో మైనస్ 30, వెనకున్న టీ5లో మైనస్ 40 అనుకోండి. బైపోలార్‌లో ఎఫ్‌7-టీ3 గీత 70 కిందికి దిగుతుంది, దాని కిందున్న టీ3-టీ5 గీత 60 పైకి లేస్తుంది. మొనలు రెండూ ఎదురెదురు. ఇదే ఫేజ్ రివర్సల్. రెండు గీతల్లోనూ ఉన్న టీ3 దగ్గరే స్పైక్ బలం ఎక్కువ.

అదే స్పైక్‌ని ఎడమ చెవి రిఫరెన్స్‌తో చూస్తే? చెవి కణత పక్కనే కదా, దానికీ మైనస్ 70 అంటిందనుకోండి. టీ3 గీత 30 మాత్రమే లేస్తుంది. తల వెనక సున్నా దగ్గరున్న, ఏ పాపం తెలియని ఓ1 మాత్రం 70 కిందికి దిగి దొంగలా కనిపిస్తుంది. గుమ్మమే కదిలిపోయిందన్నమాట.

అలాగని బైపోలార్‌ని గుడ్డిగా నమ్మలేం. కొత్తలో నేనొక రికార్డులో ముందు నుంచి వెనక్కి గీతల వరసంతా కిందికే దిగిందని "పాజిటివ్" అని రాసేశాను, డాక్టరుగారు గట్టిగానే చివాట్లు పెట్టారు. స్పైక్ వరస చివర ఓ1లో ఉంది. దాని తర్వాత ఎలక్ట్రోడే లేదు, ఇక రివర్సల్ ఎక్కడ కనిపిస్తుంది? దూరంగా నడినెత్తి మీదున్న సీజెడ్‌ని రిఫరెన్స్‌గా పెడితే ఓ1 అన్నిటికంటే ఎత్తు లేచింది. నిద్రలో ఆ సీజెడ్ కూడా నమ్మకం కాదు, నిద్రలో మామూలుగా వచ్చే వెర్టెక్స్ వేవ్స్ పుట్టేది అక్కడే. అప్పుడు ఆవరేజ్ రిఫరెన్స్, అంటే అన్ని ఎలక్ట్రోడ్ల సగటుతో పోల్చడం, నయం.

పక్కపక్క ఎలక్ట్రోడ్లు రెండింట్లో ఒకే వోల్టేజీ ఉన్నా బైపోలార్ గీత చదునైపోతుంది. పేస్టు ఒకదాని నుంచి ఇంకోదానికి పాకినా అంతే. నూనె తలలకి పేస్టు అంటక ఎక్కువ రాస్తాం, అదే పాకుతుంది. అందుకే ముందురోజే తలంటుకుని, నూనె రాయకుండా రమ్మంటాను. సగంమంది వినరు.

పెన్నూ కాగితం మిషన్లలో ఏది కావాలో ముందే తేల్చుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్క నొక్కుతో మారుతుంది. ఒకటే ఎంచుకోమంటే నా ఓటు బైపోలార్‌కే. తల వెనక భాగం మీద అనుమానం ఉంటే మాత్రం రిఫరెన్షియల్ చూడకుండా ఒక్క ముక్క రాయను.

ఆ పిల్లాడిది ఆవరేజ్‌కి మార్చినా టీ3నే ఎత్తుగా లేచింది.