అమెరికా టూరు ప్యాకేజీలో ‘మ్యూర్ వుడ్స్’ అని ఉంటే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి

వేసవిలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు మన వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో చాలామంది ఉన్నారు. వారికోసం ఇక్కడి ట్రావెల్స్ వారు కాలిఫోర్నియా టూరు ప్యాకేజీలు అమ్ముతున్నారు. తెలుగు మాట్లాడే గైడు ఉంటాడని, మన భోజనం పెడతారని చెప్పడంతో పెద్దవారు సహజంగానే అటు మొగ్గుతారు. మేము కూడా హనుమకొండలోని అటువంటి ఒక సంస్థకు ఇద్దరి తరఫునా పూర్తి సొమ్ము ముందుగానే చెల్లించాము. కరపత్రంలోనూ రసీదులోనూ ‘మ్యూర్ వుడ్స్ మహావృక్షాల అడవి, ప్రవేశ టిక్కెట్లతో సహా’ అని స్పష్టంగా ఉంది. ఆ అడవిని వారు మాకు చూపించలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన దాటి, కొండల మీది మలుపుల దారిలో లోయలోకి దిగి అడవి ద్వారం దాకా వెళ్లాక, అక్కడి సిబ్బంది మా వ్యాను డ్రైవరును పార్కింగ్ రిజర్వేషన్ చూపమన్నారు. అతని దగ్గర అది లేదు. 2018 జనవరి నుంచి ముందస్తు రిజర్వేషన్ లేని వాహనాన్ని అక్కడ నిలపనివ్వరు. అప్పటికప్పుడు చేసుకుందామన్నా ఆ లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదు. సిబ్బంది మర్యాదగానే చెప్పి మమ్మల్ని వెనక్కి పంపారు. వారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఆ నిబంధన లేకపోతే అంత చిన్న అడవి జనం తాకిడికి తట్టుకోలేదు.

అసలు మోసం ఆ తర్వాత జరిగింది. వ్యానును కొంత దూరం వెనక్కి తెచ్చి, దారి పక్కన ఎత్తైన చెట్లున్న చోట ఆపించి, “ఇవే ఆ చెట్లు, లోపల కూడా ఇవే ఉంటాయి, ఫోటోలు దిగండి” అన్నాడు గైడు. ఆ చెట్ల బెరడు పొడవాటి పేలికలుగా ఊడి వేలాడుతోంది. మా శ్రీమతి కింద రాలిన ఆకునొకదాన్ని నలిపి, వాసన చూసి, మారుమాట లేకుండా నా చేతిలో పెట్టింది. అది నీలగిరి ఆకు. మన జిల్లాల్లో కాగితపు గుజ్జు కోసం ఎకరాలకు ఎకరాలు పెంచే చెట్టును మనం గుర్తుపట్టలేమా? ఆస్ట్రేలియా నుంచి తెచ్చి 19వ శతాబ్దంలో కాలిఫోర్నియాలో నాటిన చెట్టు అది. తోటి ప్రయాణికుల్లో మాకంటే పెద్దవారు, గైడు మాట నమ్మి, ఆ మానులకు భక్తిగా చేయి ఆనించి ఫోటోలు దిగారు. డబ్బు పోయినదానికంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

టూరు ముగిశాక శాన్ హోసేలో ఉండే మా మేనల్లుడు రిజర్వేషన్ చేసి మమ్మల్ని మళ్లీ తీసుకెళ్లాడు కాబట్టి, మేము కోల్పోబోయింది ఏమిటో మాకు తెలిసింది. అక్కడి రెడ్‌వుడ్ చెట్లలో చాలావాటి వయసు 600 నుంచి 800 ఏళ్లు; అంటే మన రామప్ప గుడి కట్టిన 1213 ప్రాంతంలో మొలకెత్తిన చెట్లు ఈనాటికీ పచ్చగా నిలబడి ఉన్నాయి. అన్నిటికంటే పొడవైనది దాదాపు 258 అడుగులు. ఎర్రటి బెరడు కొబ్బరి పీచులా నారనారగా, ఎంతో దళసరిగా ఉండి కార్చిచ్చును తట్టుకుంటుంది. కలప కోసం నరికివేతకు గురికాకుండా విలియం కెంట్ దంపతులు ఈ లోయను కొని ప్రభుత్వానికి దానమివ్వగా, 1908లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దీనిని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. లోపలి ప్రధాన మార్గం చదునుగా ఉంటుంది, చాలా చోట్ల చెక్కలు పరిచారు. మోకాళ్ల నొప్పులున్నవారు కూడా నడవగలరు.

అందువల్ల ‘టిక్కెట్లతో సహా’ అన్న మాటతో సరిపెట్టుకోకండి. ప్రవేశ రుసుము వేరు, పార్కింగ్ లేదా షటిల్ బస్సు రిజర్వేషన్ వేరు, రెండూ ఉండాలి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు కనుక, వారి పేరిట టిక్కెట్టు సొమ్ము అడిగితే నిలదీయండి. రిజర్వేషన్లు చాలా ముందుగానే తెరుస్తారు కాబట్టి “అక్కడికి వెళ్లాక చూసుకుంటాం” అనే జవాబును అంగీకరించవద్దు. తేదీ, సమయం, వాహనం వివరాలున్న రిజర్వేషన్ ప్రతిని బయలుదేరే ముందే చేతికి తీసుకోండి. 35 అడుగులు మించిన బస్సులకు అక్కడ అనుమతి లేదు. పెద్ద బస్సులో తీసుకెళ్తామంటే అక్కడే అనుమానించాలి.

తిరిగి వచ్చాక సొమ్ము అడిగితే, ఆ నీలగిరి చెట్ల కింద మేము దిగిన ఫోటోలనే చూపి, సందర్శన పూర్తయిందని సంస్థవారు వాదిస్తున్నారు. మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాము, ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాము. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. సంఘటన జరిగిన 2 సంవత్సరాలలోగా వేయాలి. ఇదే తీరున మోసపోయినవారు రసీదును, కరపత్రాన్ని, బెరడు గానీ ఆకులు గానీ స్పష్టంగా కనబడే ఫోటోలను చెరిపేయకుండా దాచి ఉంచండి.