విజయనగరం బడులకు వచ్చే గాలి డోమ్ షో: వర్ణపటాలు భేష్, ఆరుద్ర నక్షత్రం దగ్గర తప్పు

విజయనగరం, శ్రీకాకుళం బడుల్లో గాలి డోమ్ వేసి అంతరిక్షం చూపించే సంచార షోలో ఈసారి విషయం, పెద్ద నక్షత్రాల పేలుడుకూ గామా కిరణ విస్ఫోటాలకూ (ఆకాశంలో కాసేపు మెరిసే గామా కిరణాల మెరుపులు) ఉన్న లింకు. నిడివి 25 నిమిషాలు. తొమ్మిది, పది తరగతులకు సరిపోతుంది. చిన్న పిల్లలు చీకటికి బెదిరిపోతారు, వద్దు.

డబ్బులకు న్యాయం చేసిన భాగం 1998 నుంచి 2003 దాకా నడిచే కథ. 1998 ఏప్రిల్ 25న గామా మెరుపు వచ్చిన దిక్కులోనే ఒక సూపర్‌నోవా (నక్షత్రం పేలుడు) కనబడింది. మెరుపు మరీ నీరసంగా ఉండడంతో కాకతాళీయమేమో అన్న అనుమానం మిగిలింది. 2003 మార్చి 29న వచ్చిన మెరుపు దాన్ని తీర్చేసింది. మెరుపు తర్వాత మిగిలిన వెలుగు తగ్గుతున్నకొద్దీ, వారం తిరిగేసరికి వర్ణపటంలో (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో) 1998 నాటి సూపర్‌నోవా పోలికలే బయటపడ్డాయి. షోలో ఆ రెండు వర్ణపటాలనూ ఒకదాని కింద ఒకటి పెట్టారు. హైడ్రోజన్ గీతల్లేవు. మిగతా గీతలు బాగా వెడల్పుగా సాగిపోయి ఉన్నాయి, ఎందుకంటే పదార్థం సెకనుకు సుమారు 30 వేల కిలోమీటర్ల వేగంతో ఎగిరిపోతోంది. అక్కడ షో ఆపించి పిల్లలకు నిదానంగా చూపించండి.

తప్పంతా చివర్లో ఉంది. ఆరుద్ర నక్షత్రం (బెటెల్‌జూస్) పేలి, గామా కిరణాలు నేరుగా భూమిని కొట్టినట్టు చూపించారు. ఆరుద్ర పేలడం ఖాయమే, కానీ దాని ఒంటి మీద మందపాటి హైడ్రోజన్ పొర ఉంది. గామా మెరుపు వచ్చేది, నక్షత్ర గర్భం కుప్పకూలాక సన్నటి ధారలా పుట్టే జెట్ నుంచి. ఆ జెట్‌కు పదుల సెకన్లే ఆయుష్షు. పై పొరలు రాలిపోయి సూర్యుడంత సైజుకు చిక్కిన నక్షత్రమైతే ఆ లోపు బయటికి పొడుచుకొస్తుంది. ఆరుద్ర గర్భం నుంచి పైకి రావడానికి కాంతికే దాదాపు 25 నిమిషాలు, అంటే ఈ షో అంతసేపు! జెట్ లోపలే ఊపిరాడక ఆరిపోతుంది.

జెట్‌ను కళింగపట్నం దీపస్తంభంతో పోల్చడమూ కుదరలేదు. తిరిగే వెలుగు పల్సార్ (గిరగిరా తిరిగే న్యూట్రాన్ తార) లక్షణం. జెట్ తిరగదు, రెండు ఎదురు దిక్కులకు ఒక్కసారే దూసుకుపోతుంది. "మెరుపు 2 సెకన్లు దాటితే సూపర్‌నోవా, లోపైతే న్యూట్రాన్ తారల ఢీ" అన్న మాట కూడా పాతబడింది. 2021 డిసెంబర్ 11 నాటి మెరుపు 50 సెకన్లకు పైగా సాగినా, వెనక దొరికింది సూపర్‌నోవా కాదు, న్యూట్రాన్ తారల ఢీలో వెలిగే కిలోనోవా. మన అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్ 2015 అక్టోబర్ నుంచే ఈ మెరుపుల్ని పడుతోంది, దాని ఊసే లేదు.

ఏర్పాట్ల సంగతి. డోమ్ ఎత్తు 4 మీటర్లు, మామూలు తరగతి గదిలో ఫ్యాన్లకు తగులుతుంది. ప్రార్థన హాలు ఉండాలి. బ్లోయర్‌ను ఎండ వైపు పెడితే వేడిగాలే లోపలికి తోస్తుంది, వరండా నీడలో పెట్టించండి. పిల్లల్ని అయిదుగురు చొప్పున పంపాలి. జిప్ తెరిచి ఉంచితే గాలి పోయి పైకప్పు కుంగుతుంది, బొమ్మ వంకర్లు పోతుంది. కరెంటు పోతే రెండు మూడు నిమిషాల్లో డోమ్ మీద పడుతుంది కాబట్టి జనరేటర్ సిద్ధంగా లేకుండా మొదలుపెట్టనివ్వొద్దు.

షోకి ముందు ధ్రువ నక్షత్రం చూపించమనండి. మన దగ్గర అది 18 డిగ్రీల ఎత్తులో ఉండాలి. 28 దగ్గర కనిపిస్తే ఆపరేటర్ ఢిల్లీ సెట్టింగ్ మార్చలేదన్నమాట. ఆఖరి రెండు నిమిషాలూ సౌండ్ తీయించి, ఆరుద్ర గురించి సైన్సు మాస్టారే చెబితే సరి.