ఒకటే సర్వర్ ఉన్న ఆఫీసుకి ఏది మేలు? ఈఎస్ఎక్స్ఐయా, ఉత్త కేవీఎమ్మా, ప్రాక్స్‌మాక్సా?

ఈ మూడూ ఒకే సర్వర్‌లో చాలా కంప్యూటర్లు (వీటినే వర్చువల్ మెషీన్లు, వీఎంలు అంటారు) నడిపే సాఫ్ట్‌వేర్లు. చిన్న ఆఫీసు, ఒకటే సర్వర్, 64 జీబీ ర్యామ్. అందులో ట్యాలీకి ఒక విండోస్, ఫైళ్లకి ఒక లైనక్స్, టెస్టింగుకి ఇంకోటి, ఇంతే కావాలి, ఏం వెయ్యమంటారు అని నన్ను చాలామందే అడుగుతున్నారు. నేను మూడూ వాడాను, ఇప్పుడు ఎవరడిగినా ప్రాక్స్‌మాక్స్ వెయ్యమనే చెప్తున్నా. ఎందుకో కాస్త వివరంగా రాస్తా, ఎందుకంటే నా కారణం మీకు వర్తించకపోతే మీ జవాబు కూడా మారిపోతుంది.

ముందు ఈఎస్ఎక్స్ఐ, అంటే వీఎంవేర్ వాళ్ల సాఫ్ట్‌వేర్ సంగతి. ఐదారేళ్ల కింద అయితే కళ్లు మూసుకుని అదే వేసేవాళ్లం, ఫ్రీ లైసెన్స్ వచ్చేది, ఒకసారి పెడితే ఏళ్ల తరబడి కదిలించే పనుండేది కాదు. 2023 నవంబరులో వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొనేసింది, డిసెంబరుకల్లా శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేశారు, 2024 ఫిబ్రవరిలో ఫ్రీ ఈఎస్ఎక్స్ఐ కూడా తీసేశారు, మళ్లీ 2025 ఏప్రిల్‌లో 8.0 అప్‌డేట్ 3ఈతో ఫ్రీగా ఇచ్చారు. ఇచ్చారు సరే, ఒకసారి తీసేసినవాళ్లు మళ్లీ తీసెయ్యరని ఏంటి నమ్మకం? ఫ్రీ దాంట్లో ఒక్కో వీఎంకి 8 వీసీపీయూలే (వీఎంకి ఇచ్చే ప్రాసెసర్ కోర్లు), చాలా సర్వర్లని ఒకేచోట నించి నడిపే వీసెంటర్‌కి కలపలేం, మామూలు బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు దాంతో పని చెయ్యవు. ఇంకోటి, 7.0 నించి పాత లైనక్స్ డ్రైవర్లు తీసేశారు కాబట్టి మదర్‌బోర్డు మీద రియల్‌టెక్ ల్యాన్ ఉందంటే ఇన్‌స్టాలరే ముందుకి పోదు. బ్రాండెడ్ సర్వర్ అయితే ఈ బాధ లేదు, అసెంబుల్డ్ బాక్సుకి మాత్రం వద్దు.

ఇక మిగతా రెండూ. ఇక్కడ చాలామంది పొరబడేది ఏంటంటే ప్రాక్స్‌మాక్స్ వేరు కేవీఎం వేరు అనుకుంటారు. ప్రాక్స్‌మాక్స్ లోపల ఉన్నది డెబియన్ అనే లైనక్స్, దాని మీద వీఎంలని నడిపేది లైనక్స్ కెర్నల్‌లోనే ఉండే కేవీఎమ్మే, 2007లో 2.6.20 కెర్నల్‌తో లైనక్స్‌లోకి వచ్చిందే. కాబట్టి స్పీడులో ఏది మేలు అన్న ప్రశ్నే లేదు. తేడా అంతా చుట్టూ ఉన్న పనిలో ఉంది.

ఆ పని ఎంతుంటుందో చెప్తా. గుంటూరులో తెలిసిన ఆడిటర్ గారి ఆఫీసులో ఉబుంటు సర్వర్ వేసి, కేవీఎంని నడిపించే లిబ్‌వర్ట్ అనే టూల్‌తో ట్యాలీ వీఎం పెట్టాను, లోపల అంతా బానే ఉంది, ఇంటర్నెట్ వస్తోంది, కానీ ఆఫీసులో మిగతా సిస్టమ్స్‌కి అది కనపడట్లేదు. కనపడదు మరి, లిబ్‌వర్ట్ మామూలుగా ఇచ్చేది న్యాట్ నెట్‌వర్క్, అంటే సర్వర్ వెనక దాగుండే వేరే నెట్‌వర్క్, వీఎంకి 192.168.122తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది, బయటివాళ్లు దాన్ని నేరుగా చేరలేరు. వీఎంని నేరుగా ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే బ్రిడ్జ్ మనమే కట్టాలి. నేను రాత్రి విజయవాడలో ఇంట్లో కూర్చుని ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నించి సర్వర్‌లోకి వెళ్లే దారి) నెట్‌ప్లాన్ అనే నెట్‌వర్క్ సెట్టింగుల ఫైల్ మార్చాను, ఐపీ అడ్రస్‌ని ల్యాన్ కార్డు కింద నించి తీసి బ్రిడ్జ్ కింద పెట్టేటప్పుడు ఇండెంట్ రెండు స్పేసులు తప్పింది, అప్లై కొట్టాను, కర్సర్ అక్కడే ఆగిపోయింది, సర్వర్‌తో లింక్ తెగిపోయింది. పొద్దున్నే ఫస్ట్ బస్సుకి వెళ్లి మానిటర్, కీబోర్డు తగిలించి సరిచేసేసరికి తొమ్మిదిన్నర, స్టాఫ్ అంతా వచ్చి నిలబడున్నారు. అప్పట్నించి ఈ మార్పు సర్వర్ ముందు కూర్చునే చేస్తున్నా. ప్రాక్స్‌మాక్స్ ఇన్‌స్టాలర్ అయితే వీఎంబీఆర్0 అని ఆ బ్రిడ్జ్ తనే కట్టేసి ఇస్తుంది, వీఎంకి దాన్ని చూపిస్తే చాలు, ఆఫీసు రౌటర్ నించే ఐపీ వచ్చేస్తుంది.

బ్యాకప్పూ అంతే. ఉత్త కేవీఎంలో స్క్రిప్ట్ రాయాలి, టైముకి దాన్ని నడిపే క్రాన్‌లో పెట్టాలి, అది రోజూ నడిచిందో లేదో చూసుకోవాలి. ప్రాక్స్‌మాక్స్‌లో బ్రౌజర్‌లో 8006 పోర్టుకి వెళ్లి, ఏ వీఎం, ఏ టైముకి, ఎన్ని కాపీలు ఉంచాలి అని పెడితే అయిపోతుంది. నేను లేనప్పుడు ఆఫీసు కుర్రాడే ఫోన్‌లో నేను చెప్తుంటే రీస్టోర్ చేశాడు, లిబ్‌వర్ట్‌లో టైపు చేసే వర్ష్ కమాండ్లయితే చేయించగలిగేవాణ్ని కాదు. నన్ను ప్రాక్స్‌మాక్స్ వైపు తిప్పింది ఇదే. రోజంతా లైనక్స్‌లో ఉండే మనిషి, సొంత సర్వర్, ఇంకెవరూ ముట్టుకోరు అంటే మాత్రం ఉత్త కేవీఎం హాయి, అనవసరమైనది ఒక్కటీ ఉండదు.

ప్రాక్స్‌మాక్స్‌లో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. సబ్‌స్క్రిప్షన్ లేకుండా అప్‌డేట్ కొడితే 401 ఎర్రర్ వస్తుంది, అప్‌డేట్లు తెచ్చుకునే చోటుని నో సబ్‌స్క్రిప్షన్ రిపాజిటరీకి మార్చుకోవాలి. ఇన్‌స్టాలర్ మీరు ఎంచుకున్న డిస్కు మొత్తం తుడిచేస్తుంది, డేటా ఉన్న డిస్కు ఉంటే కేబుల్ పీకి పక్కన పెట్టండి. అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది థిన్ స్టోరేజ్‌తో (రాసినంత మేరకే జాగా వాడుకునేది), 500 జీబీ జాగాలో 250 జీబీ చొప్పున మూడు వీఎంలు పెట్టినా కాదనదు, అవి నిజంగా నిండిన రోజున అన్నీ కలిసి డిస్క్ ఎర్రర్‌తో ఆగిపోతాయి. స్నాప్‌షాట్ (వీఎం ఆ క్షణాన ఎలా ఉందో దాచుకున్నది) తీశాం కదా అని ధైర్యంగా ఉండొద్దు, అదీ ఆ డిస్కులోనే ఉంటుంది, డిస్కు పోతే అదీ పోతుంది. బ్యాకప్ వేరే బాక్సులోకి వెళ్లాలి.

కరెంటు పోయే ఊళ్లలో ఇంకో మాట. డిస్క్ క్యాష్ దగ్గర రైట్‌బ్యాక్ అన్‌సేఫ్ అని, రాసినదాన్ని వెంటనే డిస్కుకి చేర్చని సెట్టింగ్ ఒకటి ఉంటుంది, స్పీడుగా ఉందని అది పెట్టకండి, యూపీఎస్ చేతులెత్తేసిన రోజు ట్యాలీ డేటా పాడైపోవచ్చు.

విండోస్ వీఎం వేసేటప్పుడు ఉత్త కేవీఎం, ప్రాక్స్‌మాక్స్ రెండిట్లోనూ ఒకటే చిక్కు. డిస్కుని విర్ట్‌ఐఓ స్కజీగా (వీఎంల కోసమే చేసిన డిస్క్ రకం, దీని డ్రైవర్ విండోస్‌లో ఉండదు) పెడితే విండోస్ ఇన్‌స్టాలర్‌లో డిస్కుల లిస్ట్ ఖాళీగా కనిపిస్తుంది, డిస్కు పోయిందనుకుని కంగారు పడతారు. ఆ డ్రైవర్లున్న విర్ట్‌ఐఓ విన్ ఐఎస్ఓ రెండో సీడీగా తగిలించి, లోడ్ డ్రైవర్ నొక్కి, విఐఓస్కజీ ఫోల్డర్‌లో మీ విండోస్ వెర్షన్ ఎంచుకుంటే డిస్కు వచ్చేస్తుంది.

ఇప్పటికే ఈఎస్ఎక్స్ఐ మీద ఉన్నవాళ్లు కంగారుగా మారక్కర్లేదు, నడుస్తున్నది నడవనివ్వండి. మారాలనుకుంటే ప్రాక్స్‌మాక్స్ 8.2 నించి ఈఎస్ఎక్స్ఐ వీఎంలని నేరుగా లాక్కునే విజార్డ్ ఉంది. విండోస్ వీఎం అయితే మొదటిసారి సాటా డిస్కుగానే బూట్ చేసి, విర్ట్‌ఐఓ డ్రైవర్లు వేశాకే డిస్కుని విర్ట్‌ఐఓకి మార్చండి. నెట్‌వర్క్ కార్డు మారుతుంది కాబట్టి స్టాటిక్ ఐపీ ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పాత డిస్కుని మాత్రం కొత్త సర్వర్ నించి ఒక నెల జీఎస్టీ రిటర్న్ వెళ్లేదాకా తుడవొద్దు.