ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు: కొనుక్కోవడమా, సార్ రీసెర్చ్‌లో చేరడమా, ఊరి సమస్య పట్టుకోవడమా? ఏది మేలు?

ఏడో సెమిస్టర్ మొదలైతే బీటెక్ పిల్లల మధ్య ఒకటే మాట: "బ్యాచ్ కుదిరిందా? టైటిల్ ఏంటి?" ఒంగోలు వైపు కాలేజీలు కాకినాడ జేఎన్‌టీయూ కిందకు వస్తాయి, నెల్లూరు వైపువి అనంతపురం జేఎన్‌టీయూ కిందకు. ఈ టెన్షన్ మాత్రం రెండు చోట్లా ఒకటే. డిగ్రీకి కావలసిన 160 క్రెడిట్లలో ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుకు, ఇంటర్న్‌షిప్‌కు కలిపి 12 ఉంటాయి. మామూలు థియరీ సబ్జెక్టుకు 3 అనుకుంటే నాలుగు సబ్జెక్టులతో సమానం. అంత పెద్ద పనిని చాలా బ్యాచ్‌లు ఆఖరి నెలన్నరలో తేల్చేద్దామని చూస్తాయి. నాకు బాధ కలిగేది అక్కడే.

నేను ప్రకాశం జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ పాఠాలు చెబుతాను. ప్రాజెక్టు రివ్యూలకు మా బ్రాంచితోపాటు సివిల్, సీఎస్ఈ పిల్లల దగ్గర కూడా కూర్చుంటాను. పిల్లల ముందు ఉండే దారులు స్థూలంగా మూడు. ఒకటి, డబ్బులిచ్చి రెడీమేడ్ ప్రాజెక్టు తెచ్చుకోవడం. రెండు, కాలేజీలో ఎవరో సారో మేడమో చేస్తున్న రీసెర్చ్‌లో ఒక ముక్క తీసుకోవడం. మూడు, తమ ఊళ్లో కళ్లెదుట ఉన్న సమస్యను పట్టుకోవడం.

ముందు కొనుక్కునే దారి. రెడీమేడ్ ప్రాజెక్టులు దొరికే హైదరాబాద్ అమీర్‌పేట మైత్రీవనం పేరు తెలియని బీటెక్ విద్యార్థి ఉండడు. ఇప్పుడు అంత దూరం వెళ్లే పని కూడా లేదు, ఫోన్‌లో మాట్లాడుకుంటే కోడు, రిపోర్టు, పీపీటీ అన్నీ మెయిల్‌కు వస్తాయి. నలుగురు పంచుకుంటే తలా కొన్ని వేలు. కొనేవాళ్లందరినీ సోమరులని నేను అనను. బ్యాక్‌లాగ్‌లు మిగిలినవాడు, ప్లేస్‌మెంట్ పరీక్షలకు రాత్రింబవళ్లు చదివేవాడు, ఇంట్లో పొగాకు బేరన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) నడుస్తుంటే శనాదివారాలు ఊరికి పోవాల్సినవాడు, వీళ్ల ఇబ్బంది నిజమైనదే. కానీ కొన్నదానితో వాళ్లకు ఏం వస్తోందో చూడాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. రివ్యూల్లో తరచూ వచ్చే టైటిల్, మెషిన్ లెర్నింగ్‌తో గుండె జబ్బును ముందే కనిపెట్టడం. "యాక్యురసీ 98 శాతం మేడమ్" అంటారు ధీమాగా. డేటా ఎక్కడిదని అడిగితే డేటా ఫైళ్లు ఉచితంగా దొరికే కాగిల్ వెబ్‌సైట్ నుంచి దించామంటారు. దాని మూలం అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1980ల్లో సేకరించిన 303 మంది రోగుల వివరాలు. కాగిల్‌లో బాగా తిరిగే ఒక ఫైల్‌లో మాత్రం 1025 వరుసలుంటాయి. అందులో 723 వరుసలు ఒకసారి వచ్చినవే మళ్లీ వచ్చినవి. వాటిని తీసేస్తే మిగిలేవి 302. ఇప్పుడు ఆ 1025 వరుసలను కలగలిపి, ఎనభై శాతం మోడల్‌కు నేర్పడానికి, ఇరవై శాతం పరీక్షకు విడదీశారనుకోండి. పరీక్షలో వచ్చే మనుషుల్లో ఎక్కువమంది పాఠంలో ముందే కనిపించినవాళ్లే అవుతారు. ప్రశ్నపత్రం ముందే చూసిన పిల్లాడికి నూటికి తొంభై ఎనిమిది వస్తే మనం మెచ్చుకుంటామా?

డూప్లికేట్లు తీసేసి మళ్లీ నడపమంటే ఆ అంకె దిగిపోతుంది. దిగడం తప్పు కాదు, అసలు చదువు అక్కడే మొదలవుతుంది. అమ్మినవాడు అది చెప్పడు. కొన్నవాడు ఫైల్ తెరిచి వరుసలు లెక్కపెట్టి ఉండడు. తర్వాత కంపెనీ ఇంటర్వ్యూలో మొట్టమొదట అడిగేది "మీ ప్రాజెక్టు గురించి చెప్పండి" అనే. రెండో ప్రశ్నకే గొంతు ఎండిపోతుంది. తెలివైన పిల్లలు అలా తల దించుకుని రావడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పటికే కొనేసినవాళ్లు ఉంటే ఒక్క పని చేయండి. ఆ డేటా ఫైల్ తెరిచి ఎన్ని వరుసలున్నాయో, ఎన్ని రెండోసారి వచ్చాయో, ఎక్కడిదో, ఏ ఏటిదో సొంతంగా రాసుకోండి. కోడును ముక్కలు చేసి ఒక్కో ముక్క తీసేస్తే ఏమవుతుందో చూడండి. వారం పడుతుంది. ఆ వారం మీ సొంతం.

రెండో దారికి వద్దాం. మా వైపు కాలేజీల్లో పీహెచ్‌డీ చేస్తున్న అధ్యాపకులు చాలామందే ఉన్నారు. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం ల్యాబులు, మధ్యలో కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ సంస్థకు చూపాల్సిన ఫైళ్లు, ఇవన్నీ అయ్యాక సాయంత్రం సొంత ప్రయోగం. వాళ్లకు సాయం చేసే చేతులు కావాలి, పిల్లలకు దారి చూపే మనిషి కావాలి. కుదిరితే ఇద్దరికీ మంచిదే.

చీమకుర్తి గ్రానైట్ సంగతే తీసుకోండి. నల్ల రాయిలో రాగి రంగు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా పోతుంది. ఇక్కడ మిగిలేది కోత మిషన్ల దగ్గర బురదగా దిగి, ఎండితే పిండిలా లేచే పొడి. ఆ పొడిని ఇసుకలో కొంత భాగానికి బదులుగా కాంక్రీటులో వాడవచ్చా అనే ప్రశ్న సివిల్ వాళ్లకు బంగారం లాంటిది. మా సివిల్ విభాగంలో ఒక బ్యాచ్, పీహెచ్‌డీ చేస్తున్న ఒక సార్ దగ్గర అందులో చిన్న భాగం తీసుకుంది. 10, 20, 30 శాతం పొడి కలిపి 150 మిల్లీమీటర్ల క్యూబులు పోయడం, 7 రోజులకు, 28 రోజులకు మిషన్‌లో పెట్టి పగలగొట్టడం. పని ఇంతే.

30 శాతం దగ్గర బలం ఒక్కసారిగా పడిపోయింది. పిల్లలు పొడిదే తప్పని రిపోర్టులో రాసేశారు. సార్ ఫలితాల కాగితం చూసి స్లంప్ రీడింగ్ (తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) అడిగారు. పొడి ఎక్కువయ్యేకొద్దీ మిక్స్ గట్టిపడాలి, అంత సన్నటి రేణువులు నీళ్లు పీల్చేస్తాయి. మరి వీళ్ల కాగితంలో స్లంప్ మూడింటికీ ఒకేలా ఉంది. "నీళ్లు కలిపారా?" అని మాత్రమే అడిగారు. కలిపారు. మిక్స్ కదలడం లేదని ఒక అబ్బాయి మగ్గుతో కాస్త పోశాడు. నీటికీ సిమెంటుకూ ఉండాల్సిన నిష్పత్తి మారిపోయింది, బలం పడింది. ఆయన కోప్పడలేదు. నీళ్లు పెంచకుండానే మిక్స్‌ను జారుగా చేసే సూపర్ ప్లాస్టిసైజర్ ఎందుకు వాడతారో ఆరోజే చెప్పి, నీళ్లు పెంచకుండా మళ్లీ పోయించారు. మూడేసి క్యూబుల సగటు తీసుకోవాలనీ, ఏ ఒక్కటైనా ఆ సగటుకు 15 శాతం కన్నా ఎక్కువ తేడాగా వస్తే ఆ శాంపిల్‌ను నమ్మకూడదనీ పుస్తకంలో ఎప్పుడో చదివిన వాక్యం వాళ్లకు అప్పుడు పనికొచ్చింది.

రీసెర్చ్‌లో చేరడం వల్ల దొరికేది ఇదే. మీ తప్పును పట్టుకోగల మనిషి పక్కనే ఉంటాడు.

ఈ దారిలో కష్టాలూ ఉన్నాయి, దాచను. కొన్ని చోట్ల పిల్లలు ఇసుక జల్లించే కూలీలుగానే మిగిలిపోతారు, ఎందుకు చేస్తున్నారో ఎవరూ చెప్పరు. పేపర్ వచ్చినప్పుడు పేరు ఉంటుందో ఉండదో తెలియదు. డబ్బు కడితే వారంలో అచ్చు వేసే జర్నళ్లు ఉన్నాయి, పాయింట్ల కోసం వాటికి పంపే వాళ్లూ ఉన్నారు. అందుకే చేరే ముందే మర్యాదగా అడగండి: "సార్, ఇందులో మా భాగం ఏది? పేపర్ వస్తే మా పేర్లుంటాయా?" అడిగితే నొచ్చుకునే గైడ్ దగ్గర చేరకపోవడమే మంచిది. గేట్ రాసి ఎంటెక్‌కు వెళ్లాలనుకునేవాళ్లకు మాత్రం, ఈ లోపాలన్నీ ఉన్నా, మూడింటిలో ఇదే దగ్గరి దారి.

మూడోది ఊరి సమస్య. నాకు ఎక్కువ ఇష్టమైనదీ, ఎక్కువ భయం కలిగించేదీ ఇదే. మన వైపు సమస్యలకు కొదవలేదు. తీరం వెంట రొయ్యల గుంటలు, కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, మార్కాపురం పలకల గనుల వ్యర్థాలు, ఒంగోలు చుట్టూ పొగాకు బేరన్లకు కాలే కట్టెలు. ఒక్కోటి ఒక్కో బ్రాంచికి సరిపోతుంది.

మా బ్యాచ్ ఒకటి కొత్తపట్నం వైపు రొయ్యల గుంట తీసుకుంది. అందులో ఒక అబ్బాయి మేనమామకు అక్కడ గుంటలున్నాయి. వనామీ అనే రకం రొయ్య సాగులో రైతుకు నిద్ర పట్టనివ్వనిది నీళ్లలో ఆక్సిజన్. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక అదే నాచు రొయ్యలతోపాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. తెల్లవారుజామున బాగా పడిపోతుంది. లీటరుకు 3, 4 మిల్లీగ్రాముల కిందకు పోతే రొయ్యకు ప్రాణం మీదకు వస్తుంది. కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు) ఆగితే అంతే సంగతులు. పిల్లలు ఒక సెన్సర్, దాన్ని నడిపే ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు పెట్టి, ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోన్‌కు మెసేజ్ వెళ్లేలా చేశారు. ల్యాబులో బకెట్ నీళ్లలో చక్కగా పనిచేసింది.

గుంటలో పెట్టాక రీడింగ్ ఎప్పుడు చూసినా బాగానే ఉంది. మేనమామ వచ్చి చూసి, "ఏందిరా అల్లుడూ, ఏరేటర్ పక్కన పెట్టి కొలిస్తే ఆక్సిజన్ బాగానే ఉంటది గదా! ఆ అవతల మూల చూడు" అన్నాడు. కరెంటు బోర్డు దగ్గరగా ఉందని వీళ్లు అక్కడ పెట్టారు. ప్రోబ్‌ను, అంటే నీళ్లలో ఉండే సెన్సర్ కడ్డీని, అవతలి మూలకు మార్చారు. నాలుగైదు రోజులకు మరో చిక్కు: రీడింగ్ నిజంకన్నా తక్కువ చూపిస్తోంది, ఊరికే మెసేజ్‌లు వెళ్తున్నాయి. ప్రోబ్ బయటకు తీసి చూస్తే కొస మీద ఆకుపచ్చ జిగురు పొర. ఆ పొరలోని జీవులు ప్రోబ్ ముందరి ఆక్సిజన్‌ను తామే తినేస్తున్నాయి. మెత్తటి బ్రష్‌తో తుడవడం, రైతు చేతి మీటరుతో పోల్చి చూసుకోవడం రోజువారీ పని అయింది.

వైవాలో (ఆఖరి నోటి పరీక్షలో) ఆ బ్యాచ్ స్లైడ్లకు వెలుగు లేదు. కోడు కూడా అంత అందంగా లేదు. కానీ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఏ ప్రశ్న వేసినా నలుగురిలో ఎవరో ఒకరు బురద చేతులతో నేర్చుకున్న జవాబు చెప్పారు. తెల్లవారుజామున మూడింటికి ఎందుకు కొలవాలి, ప్రోబ్ ఎంత లోతులో ఉండాలి, మెసేజ్ అందకపోతే ఏం చేయాలి, అన్నీ తెలుసు. నా ఉద్యోగంలో నాకు నిండుగా అనిపించిన వైవాల్లో అది ఒకటి.

అందరికీ ఇలా కుదరదు. ఆక్సిజన్ ప్రోబ్ ఖరీదు బోర్డుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, కాలేజీ ఇస్తుందని చెప్పలేం. గైడ్‌కు నాలుగైదు బ్యాచ్‌లు, వారమంతా క్లాసులు, గుంట దగ్గరికి రమ్మంటే వీలుపడదు. గైడ్‌కు ఆ విషయం తెలియకపోవచ్చు కూడా. కనిగిరి ఫ్లోరైడ్ మీద చేసిన మరో బ్యాచ్ ఇలాగే తడబడింది. ఒకే బోరు నీళ్లు ఒకేసారి తెచ్చి పరీక్షించి, లీటరుకు 1 మిల్లీగ్రాము హద్దు, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు అని దేశంలో ప్రమాణాలు నిర్ణయించే బీఐఎస్ చెప్పిన అంకెలతో పోల్చి ముగించారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతిని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ఎప్పుడో తయారుచేసింది. దాన్ని మళ్లీ చేసి చూపించడంలో కొత్తదనం లేదు. ఇప్పుడు ఊళ్లలో తాగేది ఆర్‌ఓ క్యాన్ నీళ్లు. ప్లాంటు నుంచి బయటకు వదిలే నీళ్లలో చిక్కబడిన ఫ్లోరైడ్ ఎక్కడికి పోతోంది అనే ప్రశ్న ఎవరైనా ముందే అందించి ఉంటే, ఆ పిల్లల కష్టం వేరే ఎత్తులో ఉండేది. ఆ అందించే మనిషి లేకపోవడమే లోటు.

కాబట్టి నా మాట ఇది. ఊరి సమస్యను ఎంచుకోండి, దాన్ని తెలిసిన అధ్యాపకుడి దగ్గరికి తీసుకెళ్లండి. మీ కాలేజీలో లేకపోతే బయట వెతకండి. రొయ్యల సంగతికి ముత్తుకూరులో ఫిషరీ సైన్స్ కాలేజీ ఉంది, తీరం వెంట ఆక్వా ల్యాబులున్నాయి. వెళ్లి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. సమస్య మీది, పద్ధతి వాళ్లది అయితే రెండు దారుల్లోని మంచీ దొరుకుతుంది. సైటు దగ్గర మీకంటూ ఒక మనిషి లేకపోతే, మేనమామో బాబాయో పరిచయమున్న రైతో లేకపోతే, మొండికి పోకుండా ల్యాబులోని రీసెర్చ్ ముక్కే తీసుకోండి. అది రెండో స్థానమే కానీ తక్కువ స్థానం కాదు. కొనుక్కోవడం నా లెక్కలో ఈ పోటీలోకే రాదు, పైన చెప్పిన వారం పని చేస్తే తప్ప.

ఏది ఎంచుకున్నా క్యాలెండర్ ముందు పెట్టుకోండి. వనామీ పంట మూడు, నాలుగు నెలలు. గుంటలోకి రొయ్య పిల్ల ఎప్పుడు వదులుతారో రైతును ముందే అడగకపోతే మీ సెన్సర్ సిద్ధమయ్యేసరికి గుంట ఎండగట్టి ఉంటుంది. బోరు నీళ్లు వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తీయాలి, అంటే ఆరో సెమిస్టర్ సెలవుల్లోనే మొదటి సీసా నింపాలి. కాంక్రీటు బ్యాచ్‌లు ఫిబ్రవరి మొదటి వారానికి క్యూబులన్నీ పోసేయాలి. అది దాటితే మార్చి మొదట్లో జరిగే రివ్యూకు చేతిలో ఏడు రోజుల ఫలితాలే ఉంటాయి.