దుబాయ్ టికెట్ కొంటున్నారా? "నాలుగు గంటలే" అన్న మాట నమ్మి మేం మునిగాం

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు నుంచి దుబాయ్‌లో ఉన్న పిల్లల్ని చూడటానికి పెద్దవాళ్లని పంపే ఇళ్లకి ఇది చెప్పాలి. మా అమ్మ టికెట్ దగ్గర ఏజెంట్ కావాలని మోసం చేశాడో, లెక్క రాక ముంచాడో నాకిప్పటికీ తెలీదు. డబ్బు మాత్రం పోయింది.

వెళ్లేటప్పటి టికెట్: హైదరాబాద్‌లో పొద్దున 10కి ఎక్కడం, దుబాయ్‌లో 12.30కి దిగడం. "రెండున్నర గంటల్లో దుబాయ్ అమ్మా!" అన్నాడు. అమ్మ పొంగిపోయి వీధంతా చెప్పింది. తీరా ఆవిడ విమానంలో కూర్చున్నది నాలుగు గంటలు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక, టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. కోణార్క్ రైలెక్కి ముంబయి దాకా పోయినా వాచీ తిప్పే పని లేని వాళ్లం, మనకి ఇది తట్టకపోవచ్చు. టికెట్లు అమ్మి బతికేవాడికి తట్టొద్దూ?

వెళ్లేటప్పుడు మిగిలినట్టు కనబడిన ఆ గంటన్నర, వచ్చేటప్పుడు వడ్డీతో సహా కట్టాం. దుబాయ్‌లో విమానం రాత్రి 10.10కి. "నాలుగు గంటలు వేసుకోండి, రెండుంబావుకల్లా శంషాబాద్‌లో ఉంటారు. వైజాగ్ విమానం 4.40కి, బోలెడు టైము" అన్నాడు. విమానం ఆలస్యం కాలేదు సరికదా, పడమటి గాలి తోడై మూడు గంటల ముప్ఫై అయిదు నిమిషాల్లోనే దిగింది. అయినా మన గడియారంలో అప్పటికి 3.15. ఇమ్మిగ్రేషన్ క్యూ, బెల్టు దగ్గర రెండు పెట్టెల కోసం కాపలా, కస్టమ్స్. దేశంలో తిరిగే విమానాలకి కౌంటర్ గంట ముందే మూసేస్తారు, అంటే 3.40కే. అమ్మ ట్రాలీ తోసుకుంటూ 4.05కి చేరింది. ఆ వేళప్పుడు ఫోన్ చేసి "నాన్నా, పొమ్మంటున్నార్రా" అంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అసలు దెబ్బ తర్వాత తెలిసింది. రెండు టికెట్లూ వేరువేరు బుకింగులు, అంటే వేరువేరు పీఎన్ఆర్‌లు. ఒకే పీఎన్ఆర్ అయ్యుంటే, మొదటి విమానం వల్ల రెండోది తప్పినప్పుడు తర్వాతి దాంట్లో పంపే బాధ్యత విమాన సంస్థది. విడిగా కొంటే ఎవరికీ పట్టదు. కొత్త టికెట్ కొని, మధ్యాహ్నం వైజాగ్ చేర్చి, అక్కణ్ణుంచి రైలెక్కించాం. ఏజెంట్‌ని అడిగితే, "విమానం టైముకే దిగింది కదండీ, నాదేం తప్పు?"

ఇంకోటి. దూరాలు చెప్పే సైట్లలో హైదరాబాద్–దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు అనీ, మూడు గంటలే అనీ ఉంటుంది. అది తిన్నటి గీత దూరాన్ని వేగంతో భాగించిన అంకె. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం, దారి వంపులు అందులో ఉండవు. దాన్ని చూపించి ఎవరైనా కనెక్షన్ కలిపితే ఒప్పుకోకండి. దిగే టైము టికెట్ మీదే చూసి, రెండో విమానానికి కనీసం నాలుగు గంటలు ఉంచమనండి, ఒకే పీఎన్ఆర్ మీద ఇమ్మనండి. రాత్రి 12.30 విమానమైతే తేదీ కూడా చూసుకోండి. 12వ తేదీ అని ఉంటే 11 రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నిన్న అటువైపు వెళ్తే ఆ ఏజెంట్ ఎవరో ముసలాయనకి చెబుతున్నాడు: "రెండున్నర గంటల్లో దుబాయ్ బాబూ!"